ఇంటి ఫొటోలకు ప్రింటరు

ఇంటికొక కెమెరా యుండుట గొప్పగా భావింపబడిన దినములు గతించినవి. నేడు ఇంటిలోని ప్రతి చేతిలోను ఒక కెమెరా యున్నది. పసిబిడ్డ బోసినవ్వు మొదలు పెరటిలో క్రొత్తగా గెల వేసిన చక్కెరకేళి చెట్టు వరకు ఏదియు ఫొటోకు తప్పించుకొనజాలదు. అయినను మన యిండ్ల గోడలను ఒకసారి పరికింపుడు. తాతగారి పటము, ప్రక్కన నాయనమ్మగారి పటము, నలుపు తెలుపులలో తల్లిదండ్రుల పెండ్లి ఫొటో, బీరువాలో ఒక లావుపాటి పెండ్లి ఆల్బము. గడచిన పదిపదునైదేండ్లలో పుట్టిన పిల్లల ఫొటోలెక్కడ నని అడిగినచో సెల్ ఫోను చేతికిచ్చి, "ఇందులో వేలకొలది యున్నవి, చూడుడు" అందురు. ఆ ఫోను చెరువులో జారిపడిన నాడు ఏమందురో మనము ఊహింపవచ్చును.

అందుచేత, ఇంటిలోనే ఫొటోలు అచ్చువేసికొను ప్రింటరొకటి కొనవచ్చునా, కొన్నచో ఎట్టిది కొనవలెను అను ప్రశ్న ఇటీవల పలు కుటుంబములలో వినవచ్చుచున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేక కారణము గలదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేయుచుండగా పిల్లలు అమ్మమ్మగారింట పెరుగు సంసారములు ఆ ప్రాంతమున అనేకము. తల్లి పంపిన ఫొటోను వాట్సాపులో చూచి వ్రేలితో పైకి త్రోసివేయుట ఒక యెత్తు. ఆ ఫొటోనే పిల్లవాడు లెక్కల పుస్తకములో దాచుకొని బడికి పోవుట మరియొక యెత్తు. ప్రింటరు కొనవలెనను కోరిక ఇట్టి యిండ్లలో విలాసము కొరకు పుట్టినది కాదు. కనుక దీనిని గూర్చి కొంత వివరముగా ముచ్చటింప దలచితిమి.

యంత్రము సంగతికి పూర్వము నీటి సంగతి చెప్పవలసియున్నది. గౌతమీ వసిష్ఠల నడుమ, బంగాళాఖాతపు టొడ్డున నున్న కోనసీమలో నీరు ఇంటి వాకిటనే కాపురముండును. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో వచ్చినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టము గావించి, వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. 2022 జూలైలో మరల 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి లంకలను ముంచినది. ఇట్టి వేళ పడవ యెక్కువారు వెంట గొనిపోవునవి పొలము దస్తావేజులు, బంగారము, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు. ఫొటోలు గోడమీదనే మిగిలిపోవును.

అట్లు మిగిలిపోయిన పాత ఫొటోలను మేము ఒక లంక గ్రామమున చూచియున్నాము. నీటి చార పెండ్లికొడుకు భుజము మీదుగా సాగిపోయినది. అంచులు చెదలు తిన్నట్లున్నవి. కాని యిద్దరి ముఖములును స్పష్టముగనే యున్నవి. ఆ ఫొటోలు వెండి లవణములతో తయారైన కాగితముపై ముద్రింపబడినవి. బొమ్మ జెలటిన్ పొరలో ఇమిడియుండుటచేత నీట తడిసినను రంగు కారిపోదు. మంచినీటిలో మెల్లగా కడిగి ఆరవేసికొన్నచో చాలవరకు నిలుచును. నేటి యింటి ప్రింటర్లలో అధికభాగము వాడు సిరా అట్టిది కాదు. ఆ సిరాతో వేసిన ఫొటో వరద నీటిలో ఒక పూట నున్నచో, తెల్లకాగితముపై ఊదారంగు మరకలు తప్ప మరేమియు మిగులకపోవచ్చును. దుకాణములో రంగులను చూచి మురియుటకు ముందు కోనసీమవారు ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను.

ఇంక్ జెట్ ప్రింటరు చేయు పని చెప్పుటకు సులభము, ఊహించుటకు కష్టము. వెంట్రుకకంటె సన్నని రంధ్రముల గుండ సిరాను బిందువులుగా కాగితముపై చిమ్మును. ఒక లీటరును లక్షకోట్ల భాగములు చేసినచో అందొక భాగమును పికోలీటరందురు. ఫొటోలు వేయు యంత్రములు చిమ్ము బిందువు ఇట్టి భాగములు రెండో, నాలుగో మాత్రమే యుండును. కొన్ని యంత్రములు సిరాను తటాలున వేడిచేసి, పుట్టిన బుడగ తోపుడుతో బిందువును వెలికి పంపును. ఈ పద్ధతికి మూలము 1977లో జపానునందు కానన్ పరిశోధనశాలలో కాలిన టంకపు కడ్డీ యొకటి సిరా నింపిన సూదికి తగిలి సిరా చిమ్ముటయే యని చెప్పుదురు. ఎప్సన్ వంటివారు వేడిమి లేక, విద్యుత్తు తగిలినపుడు వంగు స్ఫటికముతో సిరాను నొక్కించి పంపుదురు. ఇంటి ఫొటోలకు రెండు పద్ధతులును చాలును. ఈ విషయమై దుకాణదారుతో వాదించి కాలము వ్యర్థము చేసికొన నక్కరలేదు.

వాదింపవలసినది సిరా గూర్చి. సిరాలు రెండు జాతులు. ఒకటి నీటిలో పూర్తిగా కరగియుండు రంగు; దీనిని డై అందురు. రెండవది కరగక, అతి సూక్ష్మమైన పొడిగా నీటిలో తేలుచుండు రంగు, ఇది పిగ్మెంటు. బండారులంక మగ్గముల వద్దకు పోయినవారికి ఈ భేదము చెప్పక్కరలేదు: నూలుకు అద్దిన రంగు పోగులోనికి ఇంకును, గోడకు వేసిన సున్నము పైన పొరగా నిలుచును. డై కాగితపు పూతలోనికి ఇంకి, నిగనిగలాడు రంగులనిచ్చును. పట్టుచీరె ఎరుపు, పసుపు పూసిన పాదముల ఛాయ, కొబ్బరాకు పచ్చదనము కన్నుల పండువుగా కనుపించును. కాని నీటికిని, గాలిలోని తేమకును అది లోబడును. పిగ్మెంటు రంగులు మెరుగు కాగితముపై కొంచెము మందముగా తోచవచ్చును. అయినను ఆరిన పిమ్మట నీటిని బాగుగా ఓర్చుకొనును, ఎండకును త్వరగా వెలియదు.

దుకాణములలో నిండియున్న సిరా ట్యాంకుల ప్రింటర్లలో పెక్కు వాటియందు మూడు రంగులు డై, నలుపు మాత్రము పిగ్మెంటు. ఆ నలుపు ఉత్తరములకు, పిల్లల ప్రాజెక్టు పనులకు ఉద్దేశింపబడినది. మెరుగు కాగితముపై ఫొటో వేయునపుడు యంత్రము దానిని సాధారణముగా ప్రక్కన బెట్టి, మూడు రంగులను కలిపియే నలుపును సృష్టించును. అందుచే పెండ్లికూతురి జడ నల్లగా నుండక కొంత గోధుమఛాయలో కనుపించినచో అది మీ కన్నుల దోషము కాదు. ఫొటోల కొరకే చేసిన ఆరు రంగుల యంత్రములలో ఈ కొరత లేదు. మేని ఛాయలు, ఆకాశపు లేతనీలము వానిలో మృదువుగా వచ్చును. వెల ఎక్కువ. అన్ని రంగులును పిగ్మెంటుగా గల పెద్ద ఫొటో యంత్రములు ఉన్నవి గాని, వాని ధర సామాన్య కుటుంబమునకు అందునది కాదు, స్టూడియో వారికి తగినది.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. మీ సెల్ ఫోనులోని ఫొటో నొకదానిని దుకాణములో అచ్చు వేయించుడు. ఇంటికి తెచ్చి ఒకరోజు ఆరనిండు. పిమ్మట రెండు ముక్కలు చేసి, ఒక ముక్కపై నీటి బొట్టు వేసి పది నిమిషముల తరువాత గుడ్డతో అద్దుడు. రెండవ ముక్కను వంటింటి కిటికీలో నెల దినములు ఎండకు, తేమకు వదలుడు. దుకాణదారు చెప్పు నూరు మాటలకంటె ఈ రెండు ముక్కలు ఎక్కువ చెప్పును.

తయారీదారులు పెట్టెలపై "వందేండ్లు నిలుచు ఫొటోలు" అని వ్రాయుట కలదు. అది అబద్ధమని మేమనము. క్రింద చిన్న అక్షరములలో నున్న షరతులను మాత్రము చదువవలెను: చీకటిలో, ఆల్బములో, వారి సొంత సిరాతో, వారి సొంత కాగితముపై వేసినపుడు మాత్రమే ఆ లెక్క. వసారాలో గాలి తగులునట్లు తగిలించిన ఫొటోకు ఆ లెక్క వర్తింపదు. 2000వ సంవత్సరములో ఎప్సన్ వారి క్రొత్త ఫొటో ప్రింటర్లు మిక్కిలి మన్నికగల ఫొటోలనిచ్చునని ప్రకటింపబడినవి. అమెరికాలో కొందరి యిండ్లలో ఆ ఫొటోలు కొలది వారములలోనే నారింజ రంగునకు తిరిగినవి. గాలిలోని ఓజోను వాయువు నీలపు రంగును తినివేయుట అందులకు కారణమని తేలినది. రంగు ఫొటోల మన్నికపై 1993లో పెద్ద గ్రంథము వెలువరించిన హెన్రీ విల్‌హెల్మ్ వంటి పరీక్షకులు నాటినుండి వెలుతురుతో పాటు వాయువులను, తేమను గూడ వేర్వేరుగా లెక్కించుచున్నారు. అటు తరువాత సిరాలు చాల మెరుగుపడినవి. అయినను గాలి తగులక గాజు వెనుక నుండు ఫొటోకును, మేకుకు వ్రేలాడు ఫొటోకును ఆయుర్దాయము ఒకటి కాజాలదు.

ఇక కాగితము. ఆత్రేయపురము పూతరేకులు చేయు ఇల్లాలికి తేమ యనగా నేమో తెలియును. ముసురు పట్టిన దినమున రేకు కరకరలాడదు; డబ్బా మూత తెరచియుంచిన గంటకే మెత్తబడును. ఫొటో కాగితమును అట్లే చూచుకొనవలెను. సిరాను పీల్చుకొను పూత గాలిలోని తేమను గూడ పీల్చుకొనును. తేమ పీల్చిన కాగితము అంచులు వంగి యంత్రములో చిక్కుకొనును. దానిపై డై రంగులు ఒకదానిలోనికొకటి ప్రాకి ముఖములు పలుచబడును. వంద కాగితముల కట్ట చవుకయని కొని, వర్షాకాలమంతయు బల్లమీద తెరచియుంచుటకంటె ఇరువది కాగితముల పొట్లములు కొని, ఒక్కొక్కటి మూయు సంచిలో సిలికా జెల్ పొట్లముతో నుంచుట మేలు. చదరపు మీటరునకు 200 గ్రాములకు పైబడిన బరువు, వెనుక ప్లాస్టిక్ పొర గల కాగితము ఫొటోలకు తగినది. పేరు లేని మెరుగు కాగితములు అప్పటికి అందముగ నున్నను, ఏడాది తిరుగు సరికి పసుపు పారునవి వానిలో ఎక్కువ. అచ్చు వేసిన వెంటనే ఒకదానిపై ఒకటి పేర్చక ఒక దినము ఆరనిచ్చి, పిదప ఆల్బములో పెట్టుడు.

ఖర్చు మాట చెప్పకున్న గృహిణులు మమ్ము క్షమింపరు. నాలుగైదు వేల రూపాయలకు వచ్చు చిన్న ప్రింటర్లు చూచుటకు చవుక. వానిలో సిరా చిన్న కార్ట్రిడ్జిలలో వచ్చును. కొలది మార్లు మార్చు సరికి యంత్రము వెల మరల చెల్లించినట్లగును. ఈ బాధ పడలేక తూర్పు దేశములలో జనులు యంత్రమునకు ప్రక్కన సీసాలు కట్టి గొట్టములతో సిరా పంపుకొనసాగిరి. వారిని ఆపుట సాధ్యముగాక, ఎప్సన్ వారే 2010లో ఇండొనేషియాలో సిరా ట్యాంకులు గల ప్రింటరును విడుదల చేసిరి. ఆ పిమ్మట ఇతరులును అదే బాట పట్టిరి. కొనువారి మొండిపట్టు వలన తయారీదారు దారికి వచ్చిన అరుదైన ఉదాహరణములలో ఇదొకటి. ట్యాంకు యంత్రమునకు మొదట సొమ్ము ఎక్కువ. సిరా సీసాలు చవుక. సిరా మాత్రము ఆ యంత్రమునకు చెప్పినదే పోయుడు. చవుక సిరా వలన రంధ్రములు పూడినచో మిగిల్చిన సొమ్ము మరమ్మతునకు చాలదు.

అయితే అసలు ప్రింటరు కావలెనా? మీ యింట ఏడాదికి ఎన్ని ఫొటోలు అచ్చు కావలసియున్నవో వ్రేళ్లపై లెక్కించి చూడుడు. సంక్రాంతికి, జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు, ఒక పుట్టినరోజునకు కలిపి ఇరువదియో ముప్పదియో అయినచో, ప్రింటరు కొనుట దండుగ యని మా అభిప్రాయము. అమలాపురములోనో రాజమహేంద్రవరములోనో కలర్ ల్యాబునకు ఇచ్చి వేయించుకొనుడు. అచ్చట, "ఇది సిల్వర్ హాలైడ్ కాగితమా?" అని ఒక్క మాట అడుగుడు. అవునన్నచో, పైన చెప్పిన పాత పెండ్లి ఫొటో వలెనే అదియు నీటిని కొంత ఓర్చుకొను జాతికి చెందినది. పోస్టుకార్డు పరిమాణములో మాత్రమే ఫొటోలు కావలసినవారికి మరియొక చిన్న యంత్రము గలదు. అది ఇంక్ జెట్ కాదు. రిబ్బను మీది రంగును వేడిమిచే కాగితమునకెక్కించి, తుదకు పారదర్శకమైన రక్షణ పొరను గూడ పరచును. సిరాయే లేదు గనుక నెలల తరబడి వాడకున్నను ఎండిపోవునది లేదు. నీటి చుక్కలకు ఫొటో వెరువదు. ఒక్కొక్క ఫొటోకు ఖర్చు కొంచెము ఎక్కువ, ఉత్తరములు వేసికొనుటకు పనికిరాదు. అప్పుడప్పుడు మాత్రమే అచ్చు వేయు తడినేల యిండ్లకు ఇది తగినదని మా తలంపు.

నెలకు నలుబది యేబది ఫొటోలు వేయు యిల్లు, బడి పిల్లలున్న యిల్లు, దూరదేశమునుండి వచ్చు ఫొటోల కొరకు కాచుకొనియుండు యిల్లు అయినచో ట్యాంకు ప్రింటరు కొనుడు. స్తోమతు గలవారు ఆరు రంగులది కొనుడు. కొనునపుడు మరమ్మతు చేయువారు ఏ యూరిలో నున్నారో తెలిసికొనుడు. రేవు దాటి, బస్సెక్కి, బరువైన పెట్టెతో కాకినాడ పోవలసివచ్చినచో ఆ యంత్రము అటక యెక్కుట నిశ్చయము.

యంత్రమును వారమునకొకసారియైనను పలుకరింపవలెను. రోహిణి కార్తె ఎండలలో నెలదినములు కదలింపని ప్రింటరులో సిరా రంధ్రములయందే ఎండిపోవును. ఒక చిన్న రంగుల బొమ్మ వేసినను చాలును. గోడకున్న స్విచ్చితో ఆర్పరాదు; యంత్రము మీది మీటతోనే ఆర్పవలెను. అప్పుడే సిరా చిమ్ము తల తన గూటికి చేరి మూత వేసికొనును. నడుమ కరెంటు పోయినచో అది మూత లేకయే నిలిచిపోవును గనుక, కరెంటు వచ్చిన వెంటనే ఒకసారి వెలిగించి సక్రమముగా ఆర్పుడు. పైన గుడ్డ కప్పుడు. వెచ్చని చోటు దొరికినచో బల్లులు అందులో కాపురము పెట్టుటకు వెనుదీయవు.

వాట్సాపులో వచ్చిన ఫొటో బరువు తగ్గింపబడి వచ్చును. ఆరంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు గల ఫొటోకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 21 లక్షల 60 వేల చుక్కలు కావలెను. వాట్సాపు ఫొటో ఇంచుమించు అంతవరకు సరిపోవును. గోడకు తగిలించు ఎనిమిది పదంగుళముల పటమునకు 72 లక్షలు కావలెను, దానికి చాలదు. 2023 నుండి వాట్సాపులో హెచ్.డి. అను ఏర్పాటు గలదు. ముఖ్యమైన ఫొటోను అట్లు పంపుమని, లేదా డాక్యుమెంటుగా పంపుమని దూరమున నున్నవారికి ముందుగనే చెప్పుడు.

అచ్చువేసిన దానిని భద్రపరచుట యందు మనవారు చేయు పొరపాట్లు రెండు మూడు. ఫొటోను గాజునకు అంటించి చట్రము బిగింతురు. తేమకు ఫొటో గాజుకు అతుకుకొని ఊడదీయబోగా ముఖమే ఊడివచ్చును. నడుమ అట్ట చట్రమొకటి యుంచి ఖాళీ వదలవలెను. పటము వెనుక నాలుగు మూలల బిరడా ముక్కలు అంటించినచో గోడ చెమ్మ తగులదు. జిగురు పుటలు గల ఆల్బములను మానివేయుడు. పాలీప్రొపిలీన్ జేబులు గలవి తెప్పించుడు. ఫొటో వెనుక ఎవరెవరు, ఏ యూరు, ఏ సంవత్సరము అని తప్పక వ్రాయుడు. పాత కాగితములపై మెత్తని పెన్సిలు చాలును. నేటి ప్లాస్టిక్ వెనుకభాగముపై పెన్సిలు నిలువదు, బాల్ పెన్ను ముందువైపునకు గీతలు పొడుచును. చెరగని సిరా గల సన్నని మార్కరు వాడుడు. ప్రతి ముఖ్యమైన ఫొటోను రెండు వేసి, రెండవదానిని వరద యెక్కని ఊరిలోని కూతురింటనో తమ్ముని యింటనో ఉంచుడు. పిల్లల ముఖములున్న ఆల్బమును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టినచో పడవ యెక్కునపుడు వేరుగ జ్ఞప్తికి తెచ్చుకొన నక్కరయుండదు.

ఒకవేళ ఫొటోలు తడిసినచో ఏమి చేయవలెనో చెప్పి విరమించెదము. ల్యాబులో వేసిన పాత ఫొటోలను ఆల్బమునుండి తీసి, బురద యున్నచో చల్లని మంచినీటిలో రుద్దక కడిగి, బొమ్మ పైకి వచ్చునట్లు శుభ్రమైన గుడ్డపై నీడలో ఆరవేయుడు. ఎండలో వేసినచో చుట్టుకొనిపోవును. ఒకదానికొకటి అతుకుకొన్న వానిని బలిమిని లాగక, మంచినీటి పళ్లెములో నాననిచ్చి వాటంతట అవి విడిపోవువరకు ఓపిక పట్టుడు. ఈ పని రెండు దినములలోపల జరుగవలెను. ఆలసించినచో బూజు పట్టును. ఇంక్ జెట్ ఫొటోలను మాత్రము నీటిలో ముంచరాదు. వానిని ఉన్నవి ఉన్నట్లుగా బల్లపై పరచి, తాకక ఆరనిండు.